రెండు తాళంకప్పల పెట్టె

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన, బిలాస్‌పూర్ రోడ్డు మీద ఉంటుంది భన్‌పురి. ఇనుప చువ్వల మిల్లులు, గోదాములు, రావాభాటా వైపు బారులు తీరిన లారీలు, దాపులోనే రైల్వే వాళ్ల వ్యాగన్ రిపేరు షాపు. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్రకూ ఈ ఊరికీ అప్పటినుంచి రాకపోకలే. రైల్వే కొలువులతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ప్రపంచమంతా రకరకాలుగా చెప్పుకునే ఒక చిక్కుప్రశ్నను అందుకే భన్‌పురికి తెచ్చి పెడుతున్నాను. లారీలకు కొదవలేని చోటు కదా.

అక్క భన్‌పురిలో ఉంది, తమ్ముడు విశాఖపట్నంలో. ఆస్తి పంపకాల సంగతి ఒకటి అక్క తమ్ముడికి రాయాలి. అది మూడో కంట పడకూడదు. వాళ్లకు దొరికింది ఒకే లారీ, ఒకే డ్రైవరు. అతగాడికి రెండు గుణాలున్నాయి. తాళం లేనిది ఏదైనా సరే తెరిచి చూస్తాడు, నచ్చితే జేబులో వేసుకుంటాడు. తాళం వేసిన పెట్టెను మాత్రం ముట్టడు. విరగ్గొట్టకుండా, భద్రంగా చేరుస్తాడు. అక్క దగ్గర ఒక ట్రంకు పెట్టె, ఒక తాళంకప్ప, దాని చెవి ఉన్నాయి. తమ్ముడి దగ్గరా ఒక తాళంకప్ప, దాని చెవి ఉన్నాయి. ఒకరి చెవి ఇంకొకరి తాళానికి పట్టదు. ఫోన్లో మాట్లాడుకోవచ్చు గానీ ప్రతి మాటా డ్రైవరు చెవిన పడుతుంది. ఉత్తరం తమ్ముడికి ఎలా చేరాలి?

ఇక్కడ చదవడం ఆపి కాసేపు ఆలోచించండి. తొందరేం లేదు.

సాధారణంగా వచ్చే జవాబులు నాలుగైదు ఉన్నాయి. చెవిని వేరే కవరులో పంపిస్తే? ఆ కవరుకు తాళం లేదు, డ్రైవరు చేతికి చెవీ వస్తుంది, పెట్టే వస్తుంది. నంబరు తాళం వేసి నంబరు ఫోన్లో చెబితే? అతను వింటున్నాడు. ముందే మారుచెవి చేయించి ఇచ్చి ఉంటే? ఇవ్వలేదన్నదే ఇక్కడి చిక్కు. తమ్ముణ్ణి పెట్టె పగలగొట్టుకోమంటే? పగలగొట్టుకోవచ్చు, ఈసారికి పనవుతుంది. వచ్చేసారికి పెట్టె ఉండదు. "అక్కే రైలెక్కి వెళ్లొచ్చుగా" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లతో వాదించి గెలవలేం.

ఇలాంటి ప్రశ్నలకు లాటరల్ థింకింగ్ కావాలంటారు. ఆ పేరును ఎడ్వర్డ్ డి బోనో 1967లో వాడుకలోకి తెచ్చాడు. పేరు గొప్పగా ఉంది గానీ, చేయాల్సిన పని చాలా మామూలుది. ప్రశ్నలో లేని షరతును మనమే ఎక్కడ చేర్చుకున్నామో వెతకడం. ఈ ప్రశ్నలో మనం చేర్చుకున్న షరతులు రెండు. పెట్టె ఒక్కసారే ప్రయాణం చేస్తుందనుకున్నాం. తాళం వేయడం పంపేవాళ్ల పని, తీయడం అందుకునేవాళ్ల పని అనుకున్నాం. ఈ రెండోదాన్ని గట్టిగా పట్టుకోండి. వ్యాసమంతా దాని చుట్టే తిరుగుతుంది.

జవాబు ఇదీ. అక్క ఉత్తరాన్ని పెట్టెలో పెట్టి తన తాళం వేసి పంపుతుంది. తమ్ముడు దాన్ని తీయలేడు. తీయడానికి ప్రయత్నించడు కూడా. అదే గొళ్లేనికి తన తాళంకప్ప కూడా తగిలించి పెట్టెను వెనక్కి పంపేస్తాడు. భన్‌పురిలో అక్క తన తాళం తీసేసుకుంటుంది. పెట్టెకు ఇంకా తమ్ముడి తాళం ఉంది కాబట్టి మళ్లీ నిశ్చింతగా పంపిస్తుంది. తమ్ముడు తన చెవితో తన తాళం తీసుకుని ఉత్తరం చదువుకుంటాడు. ఏ చెవీ చేతులు మారలేదు. ఏ ప్రయాణంలోనూ పెట్టె తాళం లేకుండా లేదు. రాయ్‌పూర్ నుంచి విశాఖకు తలపెట్టిన కొత్త ఆరు వరుసల రహదారి పొడవు 464 కిలోమీటర్లు. ఆ లెక్కన మూడు ప్రయాణాలకు 1392 కిలోమీటర్లు. ఉత్తరం ఆలస్యమవుతుంది, కానీ చేరుతుంది.

పజిల్ పుస్తకాలు ఇక్కడ "భళా" అని పేజీ తిప్పేస్తాయి. నాకు నచ్చనిది అదే. అసలు విజ్ఞానం ఇక్కడే మొదలవుతుంది.

మొదట చూడాల్సింది గొళ్లెం. రెండు తాళాలూ ఒకే గొళ్లేనికి పక్కపక్కన వేలాడుతున్నాయి. ఒకదానికి ఇంకొకటి అడ్డం కాదు. ముందు వేసింది ముందే తీయొచ్చు. దీనికి బదులు తమ్ముడు అక్క పెట్టెను తన పెద్ద పెట్టెలో పెట్టి తాళం వేశాడనుకోండి. అది భన్‌పురికి తిరిగి వచ్చినా, అక్క తన తాళం దాకా చేయి పెట్టలేదు. కథ అక్కడితో సరి. కనుక ఈ ఉపాయం పనిచేయడానికి కారణం తాళాల గట్టిదనం ఒక్కటే కాదు. వేసిన వరుసతో నిమిత్తం లేకుండా తీయగలగడం కూడా. గణితంలో దీన్ని వినిమయ ధర్మం అంటాం. ఐదూ మూడూ కూడినా మూడూ ఐదూ కూడినా ఎనిమిదే అని మూడో తరగతిలో నేర్చుకున్నదే.

మరైతే పెట్టె లేకుండా, అంకెలతోనే ఈ ఆట ఆడొచ్చా? ప్రయత్నిద్దాం. అక్క చెప్పాల్సిన రహస్యం 50 అనే సంఖ్య. ఆమె మనసులో 37 అనుకుని కలిపి, 87 అని ఫోన్లో చెబుతుంది. తమ్ముడు తన మనసులోని 25 కలిపి 112 అంటాడు. అక్క తన 37 తీసేసి 75 అంటుంది. తమ్ముడు తన 25 తీసేస్తే 50 చేతికొస్తుంది. అద్భుతంగా ఉంది కదూ?

లేదు. డ్రైవరు మూడు సంఖ్యలూ విన్నాడు: 87, 112, 75. 112లోంచి 87 తీసేస్తే 25, తమ్ముడి తాళం ఊడింది. 112లోంచి 75 తీసేస్తే 37, అక్క తాళమూ ఊడింది. ఇనుప తాళానికి ఉన్న ఒక గుణం కూడికకు లేదు. తాళం వేయకముందు పెట్టెనూ వేశాక పెట్టెనూ చూసినంత మాత్రాన చెవి ఎలా ఉంటుందో తెలియకూడదు. కూడికలో వెంటనే తెలిసిపోతుంది. గుణకారంలోనూ అంతే, భాగించి చూస్తే సరి. వరుస మారినా ఫలితం మారకూడదు, ముందూ వెనకా చూసినా రహస్యం తెలియకూడదు. ఈ రెండు గుణాలూ ఒకేచోట ఉన్న లెక్క కావాలి.

అలాంటి లెక్క ఉంది. ఒక సంఖ్యను దానితోనే పదేపదే గుణించి, ఒక ప్రధాన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవడం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే ఇది మీరే చేయొచ్చు. ప్రధాన సంఖ్య 23 అనుకుందాం. ఇది అందరికీ తెలుసు, డ్రైవరుకు కూడా. అక్క చెప్పాల్సిన రహస్యం 5. ఆమె తాళం 3, అంటే మూడో ఘాతం. 5ను మూడుసార్లు వేసి గుణిస్తే 125, దాన్ని 23తో భాగిస్తే శేషం 10. ఫోన్లో 10 అంటుంది. తమ్ముడి తాళం 7. పదికి ఏడో ఘాతం కట్టి 23తో భాగిస్తే శేషం 14. అతను 14 అంటాడు.

ఇప్పుడు అక్క తన తాళం తీయాలి. ఆమె చెవి 15. ఎందుకు 15? 23 కంటే ఒకటి తక్కువైన 22తో చూడండి. 3ను 15తో గుణిస్తే 45, దాన్ని 22తో భాగిస్తే శేషం 1. ఆ ఒకటి వస్తే వేసిన తాళం ఊడినట్టే. దీని వెనకున్న సూత్రాన్ని ఫ్రాన్సుకు చెందిన పియర్ దె ఫెర్మా 1640లోనే చెప్పాడు. 14కు పదిహేనో ఘాతం కడితే శేషం 17. అక్క 17 అంటుంది. తమ్ముడి చెవి 19, ఎందుకంటే 7ను 19తో గుణిస్తే 133, 22తో భాగిస్తే శేషం 1. 17కు పంతొమ్మిదో ఘాతం కట్టి చూస్తే శేషం 5. ఉత్తరం అందింది.

డ్రైవరు విన్నవి 10, 14, 17. పదికి ఎన్నో ఘాతం వేస్తే 14 వస్తుందో అతనికి తెలియాలి. 23 లాంటి చిన్న సంఖ్యతో ఒక్కొక్కటే వేసి చూసి పట్టేస్తాడు, అందులో సందేహం లేదు. కానీ 23కు బదులు 617 అంకెల ప్రధాన సంఖ్య పెడితే? తాళం వేయడం కంప్యూటరుకు రెప్పపాటు పని. వెనక్కి నడిచి ఘాతం కనుక్కోవడానికి మాత్రం చాలినంత వేగమైన పద్ధతి మామూలు కంప్యూటర్లకు ఇంతవరకూ దొరకలేదు. 240 అంకెల ప్రధాన సంఖ్య మీద ఈ పనిని 2019లో ఒక పరిశోధక బృందం చేసి చూపించింది. దానికి వేల ప్రాసెసర్ కోర్లు ఏడాది పాటు పనిచేసినంత శ్రమ పట్టింది. 240కీ 617కీ మధ్య దూరం అంకెల్లో కనిపించేంత చిన్నది కాదు.

ఈ మూడు ప్రయాణాల పద్ధతిని సుమారు 1980 నాటికి ఆదీ షమీర్ తయారుచేశాడు. అంతకు ముందే, 1979లో, ఆయనా రొనాల్డ్ రివెస్టూ లియొనార్డ్ ఏడిల్‌మనూ ఇలాంటి వరుసలేని తాళాలతోనే ఇంకో సరదా ప్రశ్న తేల్చారు. ఇద్దరు మనుషులు ఫోన్లో పేకాట ఆడగలరా? ముక్కలు కనిపించవు, పంచేవాడి మీద నమ్మకం లేదు. ఆడొచ్చు. అక్క 52 ముక్కలకూ తన తాళాలు వేసి, కలిపి పంపుతుంది. తమ్ముడు వాటిలో అక్కకు కొన్ని తీసి తిరిగి పంపిస్తాడు. ఏం తీశాడో అతనికే తెలియదు. తనకు కావలసినన్ని ముక్కలకు తన తాళం కూడా వేసి పంపితే, అక్క తన తాళాలు తీసేసి ఇచ్చేస్తుంది. ఆమెకూ అవేమిటో తెలియదు. పేకముక్కల మీద ప్రాణం పెట్టే మనవాళ్లకు ఈ గణితం ఇన్నాళ్లూ పాఠంగా చెప్పకపోవడం పెద్ద లోటు.

ఇప్పుడు రెండో షరతు దగ్గరికి వద్దాం. తాళం వేయడం పంపేవాళ్ల పని అన్నది మనం చిక్కుప్రశ్న చదువుతూ చేసిన పొరపాటే కాదు, వేల ఏళ్లు రాజులూ వేగులూ సైన్యాలూ చేసిందే. రహస్య లిపి ఏదైనా పంపేవాడు మూస్తాడు, అందుకునేవాడు తెరుస్తాడు. కనుక ఇద్దరి దగ్గరా ఒకే చెవి ఉండాలి, దాన్ని ముందే చేతికి చేయి ఇచ్చుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక కూడా నిపుణులు దీన్ని ప్రశ్నించలేదు. దారి లేదని నమ్మిన చోట ఎవరూ వెతకరు.

బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో పనిచేసిన జేమ్స్ ఎలిస్‌కు మాత్రం ఒక పాత నివేదిక కంటబడింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ వాళ్ల దగ్గర తయారైంది. అందులోని ఆలోచన ఇదీ: మాట్లాడేవాడు మామూలుగానే మాట్లాడతాడు. వినేవాడే తన వైపు నుంచి లైనులోకి గోల కలుపుతాడు. దారిలో వినేవాళ్లకు గోల తప్ప మరేం వినబడదు. గోల తనదే కాబట్టి వినేవాడు దాన్ని తీసేసి మాట వింటాడు. ఆ పద్ధతి ఆచరణలో నిలబడేది కాదు. కానీ ఎలిస్‌కు కావలసిన వెలుగు అక్కడ దొరికింది. అందుకునేవాడు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, తాళం అతనూ వేయొచ్చు. మన తమ్ముడు చేసిన పని సరిగ్గా అదే.

ఎలిస్ 1970లో ఇది సాధ్యమని రాశాడు. దానికి తగిన గణితాన్ని 1973లో క్లిఫర్డ్ కాక్స్, 1974లో మాల్కమ్ విలియమ్సన్ కనిపెట్టారు. గూఢచార సంస్థ గనుక అంతా బీరువాలో పడింది. 1997 డిసెంబరులో గానీ లోకానికి చెప్పలేదు. ఎలిస్ అంతకు కొద్ది వారాల ముందే కన్నుమూశాడు. తన పేరు పత్రికల్లో చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది.

ఈలోగా అమెరికాలో ఇదే సంగతి వేరేగా బయటపడింది. 1974లో బర్క్‌లీలో రాల్ఫ్ మెర్కిల్ అనే విద్యార్థి ఒక కోర్సు ప్రాజెక్టుకు దీన్నే ప్రతిపాదించాడు. మాస్టారికి అది ఎక్కలేదు, మెర్కిల్ కోర్సే వదిలేశాడు. అతని ఉపాయం వినండి, ఇదీ లాటరల్ థింకింగే. తమ్ముడు పది లక్షల చిన్న చిక్కుముడులు తయారుచేసి బహిరంగంగా పంపుతాడు. ఒక్కొక్క దాంట్లో ఒక క్రమసంఖ్య, ఒక రహస్య చెవి ఉంటాయి. అక్క వాటిలో ఒకదాన్ని గుడ్డిగా తీసుకుని కష్టపడి విప్పుతుంది. లోపలి క్రమసంఖ్యను మాత్రం ఫోన్లో చెబుతుంది. తమ్ముడు తన పట్టీ చూసి ఆ సంఖ్యకు తగిన చెవిని తీస్తాడు. మధ్యలో వినేవాడికి ఆ క్రమసంఖ్య ఏ చిక్కుముడిలో ఉందో తెలియదు. సగటున ఐదు లక్షలు విప్పాలి. అక్క ఒక్కటి విప్పింది. దీని మీద మెర్కిల్ రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక మొదట తిప్పిపంపింది, 1978లో అచ్చువేసింది.

స్టాన్‌ఫర్డ్‌లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976 నవంబరులో ప్రకటించిన పద్ధతి మన మూడు ప్రయాణాల కంటే పొదుపైనది. ఉత్తరం పంపడం కాదు, ఇద్దరికీ ఒకే చెవి పుట్టించడం దాని పని. అందరికీ తెలిసిన 23, 5 తీసుకోండి. అక్క మనసులో 9 అనుకుంటుంది, 5కు తొమ్మిదో ఘాతం శేషం 11. ఆమె 11 అంటుంది. తమ్ముడు 7 అనుకుంటాడు, అతనిది 17. ఇప్పుడు అక్క 17కు తొమ్మిదో ఘాతం కడుతుంది, తమ్ముడు 11కు ఏడో ఘాతం కడతాడు. ఇద్దరికీ 7 వస్తుంది. ఆ రెండో 7ను ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నిలబడి గట్టిగా మాట్లాడుకుంటూనే ఇద్దరు అపరిచితులు రహస్యం తయారుచేసుకున్నారు. 2015 ట్యూరింగ్ పురస్కారం వీళ్లిద్దరికీ వచ్చింది. మెర్కిల్‌కు రాలేదు. రావలసిందని నా అభిప్రాయం. మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిచిన ప్రతిసారీ మీ ఫోనూ ఆ బ్యాంకు కంప్యూటరూ ఇలాంటి మాటే మాట్లాడుకుంటాయి.

ఇంతా చెప్పాక, మొదటి చిక్కుప్రశ్నలో ఉన్న ఒక పెద్ద చిల్లు గురించి చెప్పాలి. డ్రైవరుకు కాస్త తెలివి పెంచండి. పెట్టె తీసుకుని విశాఖ వెళ్లనే వెళ్లడు. ఏదో డాబా దగ్గర రెండు రోజులు కాలక్షేపం చేసి, తన సొంత తాళంకప్పను గొళ్లేనికి తగిలించి భన్‌పురి తిరిగొస్తాడు. "మీ తమ్ముడు వేశాడమ్మా" అంటాడు. అక్క నమ్మి తన తాళం తీసేస్తుంది. ఉత్తరం డ్రైవరుది. డిఫీ, హెల్‌మన్ పద్ధతిలోనూ ఇదే చిల్లుంది. వచ్చిన 17 తమ్ముడిదో కాదో ఆ అంకె చెప్పదు. గణితం తాళాన్ని గట్టిగా చేసింది, తాళం ఎవరిదో చెప్పలేకపోయింది.

ఈ చిల్లు పూడ్చడానికి ఇద్దరూ నమ్మే మూడోవాడు కావాలి. ఫలానా తాళం ఫలానావారిదే అని ముద్ర వేసి ఇచ్చేవాడు. హైదరాబాద్ మాసబ్ ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ చేసే పనుల్లో ఇదొకటి. బ్యాంకుల సాంకేతిక అవసరాల కోసం 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన సంస్థ ఇది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద లైసెన్సు పొంది డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థల్లో ఒకటి. ఆ సర్టిఫికెట్ అంటే తాళం, దాని యజమాని పేరు, కింద సంతకం. ఆ సంతకం నిజమేనా అని అడిగితే, లైసెన్సు ఇచ్చిన కంట్రోలర్ కార్యాలయం సంతకం చూపిస్తారు. ఎక్కడో ఒకచోట ఆగి నమ్మాలి. బ్రౌజర్లూ ఫోన్లూ అలా నమ్మదగిన వారి పట్టికను ముందే లోపల పెట్టుకుని వస్తాయి. అంటే ముందే ఇచ్చిపుచ్చుకోవడం పూర్తిగా పోలేదు. రహస్యమైన చెవిని ఇచ్చిపుచ్చుకునే బెడద పోయి, బహిరంగమైన నమ్మకాన్ని ఇచ్చిపుచ్చుకునే పని మిగిలింది.

ఘాతాల తాళం ఎప్పటికీ నిలుస్తుందా? నిలవదని 1994లోనే పీటర్ షోర్ చూపించాడు. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే ఘాతం కనుక్కునే ఆ వెనకనడక తేలికే. అమరావతి క్వాంటం వ్యాలీలో పెట్టడానికి 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రానిది 156 క్యూబిట్ల ప్రాసెసర్. ఈ తాళాలు తీయడానికి అది ఏమాత్రం చాలదు. అయినా ముందుజాగ్రత్తగా, వేరే రకం గణితంతో చేసిన కొత్త తాళాల ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో విడుదల చేసింది.

అంతదాకా ఎందుకు, మీ చేతిలోని ఫోన్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. వాట్సాప్‌లో మీవాళ్ల పేరు నొక్కి, ఎన్‌క్రిప్షన్ అన్న చోట తట్టండి. 60 అంకెల సంఖ్య కనిపిస్తుంది. అది మీ ఇద్దరి తాళాల నుంచి లెక్కగట్టినది. మధ్యలో ఎవరైనా తమ తాళం వేసి ఉంటే మీ ఫోన్లో సంఖ్య, వాళ్ల ఫోన్లో సంఖ్య వేర్వేరుగా ఉంటాయి. ముఖ్యమైన సంగతులు మాట్లాడుకునే వాళ్లతో ఒకసారి ఎదురెదురుగా కూర్చుని ఆ అంకెలు సరిచూసుకోండి. సరిచూడటానికి ఆ సంఖ్యను వాట్సాప్‌లోనే పంపుకోకండి.